దుప్పటి మూలన లేని పేరు

'దుప్పటి' అనే మాటను మనం నిత్యమూ వాడుతున్నాము గాని దాని పుట్టుకను విచారించము. 'రెండు' అనే అర్థమిచ్చే పదమూ, 'పటము' అనే పదమూ కలిసి ఏర్పడిన మాట యిది. ఉర్దూలోని 'దుపట్టా' కూడా ఈ కుటుంబములోనిదే. పూర్వము నేతగాడు నాడెను ఒక చేతితో విసరి మరొక చేతితో అందుకొనేవాడు. అందువలన గుడ్డ వెడల్పు అతని చేతుల చాపును మించేది కాదు. వెడల్పైన కప్పుడు గుడ్డ కావలెనంటే రెండు గుడ్డలు నేసి నడుమ కుట్టవలసినదే.

ఈ నడిమి కుట్టు మనకు మాత్రమే ప్రత్యేకమైనది కాదు. 18, 19 శతాబ్దాలలో అమెరికాలో చేమగ్గముపై నేసిన పడక దుప్పట్లలోనూ అది కనిపిస్తుంది. తెల్లని నూలుపై నీలిమందు మొదలైన రంగులద్దిన ఉన్నిదారముతో అక్కడి స్త్రీలు ఇండ్లలో వాటిని నేసేవారు. ఫ్రాన్సు దేశీయుడైన జకార్డు కల్పించిన యంత్రము 1820 తరువాత ఆ దేశము చేరినది. రంధ్రాలు పొడిచిన అట్టలే ఆ యంత్రములో ఏ పడుగుపోగు లేవవలెనో నిర్ణయిస్తాయి. జర్మనీ, స్కాట్లండు మొదలైన దేశాలనుండి వలస వచ్చిన వృత్తి నేతగాండ్రు దాని సాయముతో పూలను, పక్షులను నేసినారు. అంతేకాదు, దుప్పటి మూలలో తమ పేరును, ఊరును, సంవత్సరమును కూడా నేసేవారు. కొన్నింటిలో దుప్పటిని చేయించుకొన్నవారి పేరు సైతము ఉంటుంది. నేడు ప్రదర్శనశాలలో ఆ దుప్పటిని చూచేవారికి అదెవరి చేతిపనియో వెంటనే తెలుస్తుంది.

ఇక మన దుప్పట్ల సంగతి చూతము. ఎర్రమంజిల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరాన పోచంపల్లి కలదు. 1951లో భూదానోద్యమము పుట్టిన ఊరది. పోచంపల్లి, కొయ్యలగూడెం మొదలైన గ్రామాలలో నేసే దుప్పట్ల మూలన ఎవరి పేరూ ఉండదు. అయినను ఆ నేతలోని బుద్ధికుశలత అమెరికా వారి నేతకు ఏమాత్రమూ తీసిపోదు. అక్కడ పువ్వు మగ్గముపై పుట్టినది. ఇక్కడ పువ్వు మగ్గమెక్కక ముందే నూలులో పుడుతుంది. ఈ పద్ధతిని మనవారు 'చిటికి' అంటారు. లోకము దీనిని 'ఇక్కత్' అంటున్నది. 'కట్టుట' అనే అర్థము గల మలయా మాటనుండి వచ్చిన పేరది.

మొదట గళ్ల కాగితముపై నమూనా గీస్తారు. నూలును ఆసుపై పోసి, పోగులు లెక్కించి, రంగు అంటకూడని చోటులను పాత సైకిలు ట్యూబుల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఆరిన పిదప కొన్ని కట్లు విప్పి, వేరొక చోట కట్టి, మరొక రంగులో ముంచుతారు. ఎన్ని రంగులో అన్నిమార్లు ఈ శ్రమ తప్పదు. పడుగును గాని, పేకను గాని ఒకదానినే ఇట్లు అద్దితే పని కొంత సులభము. రెండింటినీ అద్దినప్పుడు పడుగులోని ఎరుపుపై పేకలోని ఎరుపు సరిగా పడవలెను. పోగులు తప్పితే పువ్వు చెదరిపోతుంది.

ఈ విద్య చీరాల ప్రాంతమునుండి వచ్చినదని ప్రతీతి. చీరాలలో నేసి అరబ్బు దేశాలకు పంపిన 'తేలియా రుమాలు' ప్రఖ్యాతి గన్నది. నూలును నూనెలోను, బూడిద నీటిలోను మరల మరల నానబెట్టుటచేత దానికి ఆ పేరు వచ్చినది. 'తేల్' ఉర్దూలో నూనె. తెలుగు నేతగాండ్ర గుడ్డకు ఉర్దూ పేరు నిలిచినది గాని నేసినవారి పేర్లు నిలువలేదు.

ఒక్క పేరు మాత్రము చిత్రముగా మిగిలినది. ఒక చీరకు ఆసు పోయుటకు చేతిని సుమారు 9,000 మార్లు ఆడించవలెను. ఈ పని ఎక్కువగా స్త్రీలదే. తల్లి లక్ష్మి భుజాల నొప్పితో బాధపడుట చూచిన చింతకింది మల్లేశం ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రమును రూపొందించి దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ప్రభుత్వము 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు నిచ్చినది. ఈ గుర్తింపు ఊరి పేరును కాపాడునే గాని మనిషి పేరును చెప్పదు. పైగా చిటికి నమూనాలను మిల్లు గుడ్డపై అచ్చొత్తి చవుకగా అమ్ముతున్నారు. వాటిని కొన్నవారు నేతగాని కూలిని తెలియకనే తగ్గించినవారగుదురు.

కావున దుప్పటి కొనునపుడు దానిని తిరగవేసి చూడవలెను. అచ్చు గుడ్డకు వెనుకవైపు సాధారణముగా రంగు వెలవెలబోతుంది. చిటికి గుడ్డకు రెండు వైపులా ఒకటే రంగు. పువ్వు అంచు కొంచెము చెదరినట్లు కనబడితే అది లోపమని తలచరాదు. కట్టిన చోట రంగు కొద్దిగా పాకుటవలన ఏర్పడిన జాడ అది. మూలన పేరు లేని మన నేతగానికి ఆ చెదరిన అంచే చేవ్రాలు. దానిని చదువనేర్చుట మన విద్యార్థినీ విద్యార్థులకు కష్టము కాదు.