గోకుంద పత్తిలో రెండు వంశాలు

ఆదిలాబాద్ నుంచి ముద్‌ఖేడ్ వెళ్లే రైలు కిన్వట్ చేరేసరికి పట్టాల వెంట కనిపించేది నల్లరేగడి, అందులో పత్తి. కిన్వట్‌ను ఆనుకుని ఉన్న ఊరే గోకుంద. పెన్‌గంగ దాటితే విదర్భ. 1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి, ఆ తర్వాత మహారాష్ట్రకు చేరింది. మరాఠీ, తెలుగు, గోండి, లంబాడి ఇక్కడ కలిసే వినిపిస్తాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడినా, మృగశిర కార్తెలో పత్తి రైతుకు ఖర్చు ఒకటే. విత్తనాల ప్యాకెట్లు ఏటా కొనాల్సిందే.

ఆ గింజలో రెండు సంకరాలున్నాయి. మొదటిది మనుషులు పుట్టకముందే జరిగింది. పది, ఇరవై లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికా, ఆసియా వైపు పత్తి వంశపు గింజ ఎలాగో సముద్రం దాటి అమెరికా ఖండానికి చేరి, అక్కడి అడవి పత్తితో కలిసింది. రెండింటికీ చెరి 26 క్రోమోజోములు. సంకరంలో క్రోమోజోములు రెట్టింపై, 52తో కొత్త జాతి నిలిచింది. 1934లో స్కోవ్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో చూసి, ఈ సంకరం నుంచి వచ్చిన అమెరికన్ పత్తిలో సగం క్రోమోజోములు పెద్దవి, సగం చిన్నవి అని గుర్తించాడు. పెద్దవి ఆఫ్రికా, ఆసియా వైపువి, చిన్నవి అమెరికావి.

అక్కడి నుంచి ఉమ్మడి కాపురం మొదలైంది. ప్రతి పనికీ రెండు వైపుల నుంచి రెండు జన్యువులు. కొన్నిచోట్ల ఒకటి మూగబోయింది. కొన్ని జంటలు పనిని పంచుకుని, ఒకటి పూలో ఒక భాగంలో, రెండోది మరో భాగంలో పనిచేస్తున్నాయి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది దూది సంగతి. ఆ అమెరికా అడవి పత్తికి వడకదగిన దూదే లేదు. అయినా 1998లో పాటర్సన్ అనే శాస్త్రవేత్త బృందం పరిశీలిస్తే, దూది నాణ్యతను, దిగుబడిని మార్చే జన్యుస్థానాలు ఎక్కువగా ఆ వైపు క్రోమోజోముల మీదే కనిపించాయి. చేతకానిదనుకున్న వంశమే కొత్త ఇంట్లో పనికొచ్చింది.

క్రోమోజోములు రెట్టింపయ్యాయి కాబట్టే ఆ సంకరం తరతరాలకూ నిలిచింది. రెట్టింపు కాకపోతే ఏమవుతుందో మన దేశీ పత్తి చెబుతుంది. నిజాం కాలంలో నాందేడ్ ప్రాంతానికి పేరు తెచ్చిన గావరాని దేశీ జాతే, దానికి 26 క్రోమోజోములే. అమెరికన్ పత్తితో కలిపితే పుట్టేది 39తో గొడ్డు మొక్క.

రెండో సంకరం మనిషి చేసింది. 1970లో సూరత్‌లో శాస్త్రవేత్త సి.టి. పటేల్ హెచ్-4 అనే హైబ్రిడ్ పత్తిని తెచ్చారు. 1980లలో నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం నుంచి ఎన్‌హెచ్‌హెచ్-44 అనే హైబ్రిడ్ వచ్చింది. ఈ విత్తనం తయారీ అంతా చేతి పనే. నంద్యాల, గద్వాల వైపు సీడ్ పత్తి చేలలో సాయంత్రం పూట రేపు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకులనూ పుప్పొడి తిత్తులనూ ఒలిచేస్తారు. కీలాగ్రం దెబ్బతింటే ఆ కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ రకం మొక్క పువ్వును దానికి రాస్తారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కో మొగ్గకూ ఇంత కష్టం పెట్టి తీసిన గింజ ఒక్క పంటకే. ఇక్కడ కలిసేవి ఒకే జాతిలోని రెండు రకాలు, రెట్టింపయ్యేదేమీ లేదు. మరుసటి తరంలో గుణాలు విడిపోయి, ఒక మొక్క పొడవు, ఒకటి పొట్టి, కాయ సైజు తలా ఒక తీరు.

2002లో కాయతొలిచే పురుగును చంపే బీటీ జన్యువున్న పత్తికి అనుమతి వచ్చాక మన దేశంలో ఆ జన్యువు ఎక్కువగా హైబ్రిడ్ల ద్వారానే రైతుకు చేరింది. చైనాలో హైబ్రిడ్ కాని సూటి రకాల్లోనూ బీటీ వచ్చింది, అక్కడి రైతు గింజ దాచుకోగలిగాడు. మన దగ్గర దారి ఒక్కటే మిగిలింది. వానల మీదే ఆధారపడిన గోకుంద లాంటి చోట, తొలి విత్తు మొలవకపోతే మళ్లీ ప్యాకెట్టే. గులాబీ రంగు పురుగు బీటీకి లొంగడం మానేసిన తర్వాత కూడా ఈ ఖర్చు తప్పలేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

నాందేడ్ కేంద్రమే ఈమధ్య ఎన్‌హెచ్ 1901 బీటీ, 1902 బీటీ, 1904 బీటీ అనే సూటి రకాలు తెచ్చింది. ఇవి హైబ్రిడ్లు కావు. చేనులో గింజను ఏరి, వేరుగా జిన్నింగ్ చేయించి, మరుసటేడు విత్తుకోవచ్చు. ఆ గింజ కిన్వట్ తాలూకా దుకాణాల్లో జూన్ కన్నా ముందే దొరకాలి.