నలుచదరపు ఎకరా భుజం ఎంత?

అనంతపురం పల్లెల్లో ఎకరా అంటే ఎంతో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 4,840 చదరపు గజాలు, వంద సెంట్లు. అదే ఎకరా సరిగ్గా నలుచదరంగా ఉంటే ఒక్కో గట్టు పొడవెంత అని అడగండి. పదో తరగతి పిల్లవాడు ఫోను తీసి 69.57 గజాలు అంటాడు. ఆ జవాబు కంచె వేయడానికి చాలు. కానీ 69.57ను అదే సంఖ్యతో గుణిస్తే 4,840 రాదు, 4,839.98 దగ్గర ఆగిపోతుంది. అరచేయంత నేల, సుమారు ఇరవై చదరపు అంగుళాలు, లెక్కకు దొరకదు. ఇంకో నాలుగు దశాంశాలు చేర్చితే లోటు తగ్గుతుందే తప్ప తీరదు. ఎన్ని చేర్చినా తీరదు.

ఎందుకో తెలియాలంటే 4,840ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి: 2 × 2 × 2 × 5 × 11 × 11. వర్గమూలం తీయడమంటే జతలను గుర్తు బయటికి తేవడమే. రెండు 2లు కలిసి ఒక 2గా, రెండు 11లు కలిసి ఒక 11గా బయటపడతాయి. జత దొరకని 2, 5 లోపలే మిగిలిపోతాయి. కాబట్టి భుజం 22√10 గజాలు. సూక్ష్మీకరణ అంతటితో అయిపోయింది.

ఈ √10 కరణీయ సంఖ్య. అది p/q అనే భిన్నమే అనుకుందాం. అప్పుడు p² = 10q² కావాలి. ఏ వర్గంలోనైనా ప్రతి ప్రధాన కారణాంకం సరిసంఖ్యలోనే ఉంటుంది. కానీ కుడివైపున 10 తెచ్చిన ఒక్క 2 అదనంగా చేరి, 2ల లెక్క బేసి అవుతుంది. ఎడమవైపు సరి, కుడివైపు బేసి! ఇది కుదరదు గనుక ఆ భిన్నం లేదు. ఎంత పెద్ద కంప్యూటరూ దాన్ని వెతికి తేలేదు.

ఇక రెండున్నర ఎకరాలు చూడండి. 12,100 చదరపు గజాలు, అంటే 2 × 2 × 5 × 5 × 11 × 11. అన్నీ జతలే! భుజం సరిగ్గా 110 గజాలు, అకరణీయ సంఖ్య. ఐదెకరాలైతే భుజం రెట్టింపై 220 గజాలు అవుతుందని చాలామంది తడుముకోకుండా చెబుతారు. 220 గజాల భుజం ఉన్నది పది ఎకరాలకు. ఐదెకరాల భుజం 110√2, మళ్లీ కరణీయమే. రెండున్నర ఎకరాల చదరంలో మూల నుంచి మూలకు గీసిన కర్ణం కూడా సరిగ్గా అంతే.

ఈ చిక్కు కొలత గొలుసులోనే ఉంది. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ రూపొందించిన గొలుసు పొడవు 22 గజాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా. 1800లో నిజాం నుంచి కంపెనీ చేతికొచ్చిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి, 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిపించాడు. ఆ గొలుసు నలువైపులా పరిస్తే ఒక గుంట. నలభై గుంటలు ఎకరా. తెలంగాణలో నేటికీ వాడే ఆ గుంట భుజం 11 గజాలు, నిండు సంఖ్య. మన సెంటు భుజం మాత్రం 2.2√10 గజాలు! లెక్క సుఖం చూస్తే గుంటదే పైచేయి.

కరణీయ సంఖ్య అంటే కొలవడానికి లొంగనిదని అనుకోకూడదు. 66 గజాల పొడవు, 22 గజాల వెడల్పుతో లంబకోణాలు కుదిరేలా దీర్ఘచతురస్రం గీసి, మూల నుంచి మూలకు తాడు లాగండి. మూడు గొలుసుల వర్గం 9, ఒక గొలుసు వర్గం 1, మొత్తం 10. ఆ తాడు పొడవు √10 గొలుసులు, అంటే నలుచదరపు ఎకరా భుజమే. దశాంశాలతో పనే లేదు. బౌధాయన శుల్బసూత్రాల్లో యజ్ఞవేదికలు కొలిచినవారు నడిచిన దారి ఇదే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు వృత్తపరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తికి సూక్ష్మమైన విలువగా తీసుకున్నది కూడా ఈ √10నే. ఆయన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు.

బడిలో √48, √75 అంటూ ఊరూపేరూ లేని సంఖ్యలు ఇచ్చే బదులు, ఉపాధ్యాయులు పిల్లల చేత ఇంట్లోని పాసుపుస్తకం తెరిపించాలి. విస్తీర్ణాన్ని సెంట్లలోకి మార్చి పదితో భాగించమనండి. వచ్చింది ఒక పూర్ణాంకానికి గానీ భిన్నానికి గానీ వర్గమైతే ఆ నేల నలుచదరపు భుజం అకరణీయం, కాకుంటే కరణీయం. 10, 40, 90, 160, 250 సెంట్లు మొదటి కోవలోవి. మీ చేను ఏ కోవలోదో ఈ రాత్రే లెక్క వేసి చూడండి.