తాత నడక.. నాన్న నడక.. స్కాన్‌ ఏం చెబుతుంది?

నడక తూలడం, చేతులు వణకడం, మాట ముద్దగా రావడం.. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తే తలరాత అని వదిలేయొద్దు. అలాగని ఒక్క స్కాన్‌ తీయించి, అంతా తెలిసిపోయిందనీ అనుకోవద్దు.

నలభై దాటాక నాన్న నడక మారింది. అడుగులు ఎడంగా పడుతున్నాయి. పొలం గట్టు మీద నిలదొక్కుకోలేకపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. చూసినవాళ్లు తాగాడనుకుంటున్నారు. ఆయనకు ఆ అలవాటే లేదు. ‘మీ తాత కూడా ఆఖర్ల ఇట్లనే నడిచిండు’ అంటుంది మేనత్త. జనగామ, మహబూబాబాద్‌, భూపాలపల్లి.. మీరు ఏ జిల్లాలో ఉన్నా, మీ చుట్టాలింట్లో ఇలాంటి మాట వినపడితే తేలిగ్గా తీసుకోకండి. న్యూరాలజిస్టుకు స్కాన్‌ ఫిల్మ్‌ ఎంత ముఖ్యమో ఆ మేనత్త మాట కూడా అంతే ముఖ్యం.

ఏమిటీ జబ్బులు?

పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల మెదడులో కొన్ని చోట్ల నాడీకణాలు మెల్లగా దెబ్బతింటాయి. ఏ భాగం దెబ్బతింటే దానికి తగ్గ లక్షణాలు వస్తాయి. శరీరం తూలకుండా చూసే చిన్నమెదడు కుంచించుకుపోతే ‘స్పైనోసెరిబెల్లార్‌ అటాక్సియా’ (ఎస్‌సీఏ) కావొచ్చు. ఇందులో చాలా రకాలున్నాయి. కళ్లు పక్కకు తిప్పడం నెమ్మదించే ఒక రకాన్ని ముంబయి న్యూరాలజిస్ట్‌ ఎన్‌.హెచ్‌. వాడియా 1971లోనే గుర్తించి వివరించారు. తర్వాత దాన్నే ఎస్‌సీఏ2 అన్నారు. చేతుల వణుకుతో మొదలయ్యే ఎస్‌సీఏ12 మన దేశంలో ముఖ్యంగా అగర్వాల్‌ కుటుంబాల్లో కనిపిస్తుంది.

హంటింగ్టన్‌ జబ్బు తీరు వేరు. ప్రమేయం లేకుండా ఒళ్లు కుదుపులు, చీటికిమాటికి కోపం, దిగులు, ఆలోచన మందగించడం దీని లక్షణాలు. దీనికి మూలమైన జన్యువును 1993లో కనుగొన్నారు. ఈ జబ్బులోనూ, పైన చెప్పిన ఎస్‌సీఏ రకాల్లోనూ తల్లిదండ్రుల్లో ఒకరికి లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆడ, మగ తేడా లేదు.

స్కాన్‌లో ఏం కనిపిస్తుంది?

ఎంఆర్‌ఐ చేసే మొదటి పని వేరే కారణాలను పక్కన పెట్టడం. కణితి, పక్షవాతం, మెదడులో నీరు చేరడం వల్ల కూడా నడక తూలొచ్చు. విటమిన్‌ బి12 లోపం, థైరాయిడ్‌ సమస్య, ఏళ్ల తరబడి వాడే కొన్ని ఫిట్స్‌ మందులు, మద్యం కూడా ఇలాంటి లక్షణాలు తెస్తాయి. వీటికి రక్తపరీక్షలు, వాడే మందుల వివరాలు కావాలి.

ఆ తర్వాత డాక్టర్లు ఏ భాగం తగ్గిందో చూస్తారు. ఎస్‌సీఏ2లో చిన్నమెదడు, దాని ముందుండే మెదడు కాండం సన్నబడతాయి. హంటింగ్టన్‌లో మెదడు లోతుల్లోని ‘కాడేట్‌’ అనే భాగం తగ్గి, దాని పక్కన నీరుండే గదులు వెడల్పవుతాయి. అయితే ఇలాంటి మార్పులు వేరే జబ్బుల్లోనూ ఉండొచ్చు. అందుకే స్కాన్‌ అనుమానాన్ని బలపరుస్తుందే తప్ప, ఇది ఫలానా వంశపారంపర్య జబ్బు అని తేల్చేది జన్యుపరీక్షే.

లక్షణాలకు ముందే మార్పు

లండన్‌, పారిస్‌, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌, కెనడాలోని వాంకూవర్‌ కేంద్రాలుగా ‘ట్రాక్‌-హెచ్‌డీ’ అనే పరిశోధన జరిగింది. హంటింగ్టన్‌ జన్యులోపం ఉండీ ఇంకా జబ్బు బయటపడని వాళ్లు, తొలిదశ రోగులు, లోపం లేనివాళ్లు కలిపి 366 మంది ఇందులో పాల్గొన్నారు. వాళ్లకు ఏటా స్కాన్లు తీసి, మెదడు భాగాల పరిమాణాన్ని కంప్యూటర్‌తో కొలిచారు. లక్షణాలు రావడానికి పదేళ్లకు పైగా సమయం ఉందనుకున్న వాళ్లలో కూడా మార్పులు కనిపించాయి.

దీనివల్ల ఉపయోగమేంటి? కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే లక్షణాలు వచ్చేదాకా పదేళ్లు ఆగాల్సిన పనిలేదు. మెదడు తగ్గే వేగం నెమ్మదించిందా అని స్కాన్లలో కొలవొచ్చు. 2022లో హంటింగ్టన్‌ దశలను కొత్తగా నిర్వచించినప్పుడు, లక్షణాలు లేకపోయినా స్కాన్‌లో మార్పు కనిపించడాన్ని ఒక దశగానే లెక్కించారు. ఇదంతా పరిశోధన కోసం. అక్కడ కనిపించిన తేడా చాలామంది సగటు. ఒక్కరి ఫిల్మ్‌ చూసి ‘మీకు ఫలానా ఏడు జబ్బు వస్తుంది’ అని ఎవరూ చెప్పలేరు.

మరి పిల్లలకు తీయించాలా?

నాన్నకు ఎస్‌సీఏనో హంటింగ్టనో అని తేలగానే, ఏ లక్షణమూ లేని కొడుకుకూ కూతురికీ స్కాన్‌ తీయించాలని ఇంట్లో తొందర మొదలవుతుంది. పెళ్లీడు పిల్లలుంటే మరీను. ఆగండి. స్కాన్‌ మామూలుగా ఉన్నంత మాత్రాన జన్యులోపం లేదని కాదు. జన్యుపరీక్ష చేస్తే లోపం ఉందో లేదో తెలుస్తుంది. కానీ జబ్బును మొదలవకుండా ఆపే మందు ఇప్పటికి లేదు. కాబట్టి తెలుసుకోవాలా వద్దా అన్నది 18 ఏళ్లు నిండాక ఆ బిడ్డే, జెనెటిక్‌ కౌన్సెలింగ్‌ తీసుకుని నిర్ణయించుకోవాలి. పెళ్లి మాటల కోసం బలవంతంగా చేయించడం తగదు. పిల్లల్ని కనాలనుకునే దంపతులు గర్భం రాకముందే కౌన్సెలింగ్‌కు వెళ్తే తమ ముందున్న దారులేమిటో తెలుస్తాయి.

విల్సన్‌ అయితే వెంటనే..

దీనికి పూర్తి భిన్నమైంది విల్సన్‌ జబ్బు. ఇందులో ఒంట్లో చేరిన రాగి బయటకు పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. ఎక్కువగా పిల్లల్లో, యువతలో బయటపడుతుంది. చేతిరాత పాడవడం, చొంగ కారడం, మాట తడబడటం, చదువులో వెనకబడటం, కామెర్లు కనిపించొచ్చు. కొందరిలో ఎంఆర్‌ఐలో మెదడు కాండం పైభాగం పాండా ముఖంలా కనిపిస్తుంది. రక్తంలో సెరులోప్లాస్మిన్‌, 24 గంటల మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం కోసం పరీక్షలు చేస్తారు.

తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే ఈ జబ్బు వస్తుంది. కాబట్టి మేనరికాల్లో ముప్పు ఎక్కువ. దీనికి మందులున్నాయి. 1956 నుంచి పెన్సిలమిన్‌ వాడుతున్నారు. జింక్‌ కూడా పనిచేస్తుంది. త్వరగా మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. స్కాన్‌లో మార్పులు కూడా తగ్గొచ్చు. బాగైందని మందు మానేస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఒక బిడ్డకు విల్సన్‌ అని తేలితే తోడబుట్టిన ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు ముప్పు. లక్షణాలు లేకపోయినా వాళ్లకు వెంటనే పరీక్షలు చేయించాలి. ఈ జబ్బున్నవాళ్లు రాగి చెంబులో, రాగి బాటిల్‌లో నిల్వ ఉంచిన నీళ్లు తాగకూడదు.

మీరు చేయాల్సింది

* మూడు తరాల వివరాలు కాగితం మీద రాసుకోండి. ఎవరికి, ఏ వయసులో, ఏ లక్షణంతో మొదలైందో, మేనరికం ఉందో లేదో రాయండి. చనిపోయినవాళ్లనూ వదలొద్దు.

* నడకను, మాటను ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ తీసి డాక్టర్‌కు చూపండి.

* రిపోర్టుతో పాటు స్కాన్‌ సీడీ అడిగి తీసుకోండి. తర్వాతి స్కాన్‌తో పోల్చడానికి అదే కావాలి.

* ఎంఆర్‌ఐలో రేడియేషన్‌ ఉండదు. పేస్‌మేకర్‌, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పండి.

* ముందు మీ జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి. అక్కణ్నుంచి వరంగల్‌లో న్యూరాలజిస్టును కలవండి. జన్యుపరీక్ష అవసరమైతే హైదరాబాద్‌ నిమ్స్‌లో న్యూరాలజీతో పాటు మెడికల్‌ జెనెటిక్స్‌ విభాగం కూడా ఉంది.

మందు లేని జబ్బని తేలినా చేయగలిగింది చాలానే ఉంది. ఫిజియోథెరపీతో నడక, స్పీచ్‌ థెరపీతో మాట కొంతకాలం నిలబడతాయి. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్లు బిగిస్తే పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. మింగడం కష్టమైతే ఆహారం మెత్తగా ఇవ్వాలి. దిగులుకు మందులున్నాయి. అన్నిటికన్నా ముందు, తూలుతూ నడిచే ఆ మనిషి తాగి లేడని ఇంట్లోవాళ్లూ, వాడకట్టులోవాళ్లూ తెలుసుకుంటే ఆయన మళ్లీ నలుగురిలోకి వస్తాడు.