సినిమా రీలు నుంచి వచ్చిన కొలత

జర్మనీలోని వెట్స్‌లార్‌లో మైక్రోస్కోపులు చేసే లైట్జ్ కంపెనీ ఉండేది. అక్కడ పనిచేసే ఆస్కార్ బార్నాక్‌కు ఉబ్బసం. గాజు ప్లేట్ల కెమెరా మోసుకుని కొండలెక్కడం ఆయన వల్ల కాలేదు. దాంతో సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి, 18×24 మిల్లీమీటర్ల సినిమా ఫ్రేములు రెండింటి జాగాలో ఒక్క ఫోటో పడేలా 1914 నాటికి ఓ చిన్న కెమెరా చేసుకున్నాడు. అదే 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో లైకాగా బయటికొచ్చింది. మనం ఇప్పుడు ఫుల్ ఫ్రేమ్ అని భక్తిగా చెప్పుకునే 24×36 కొలత ఇలా పుట్టిందే. దాని వెనక ప్రకృతి సూత్రమేమీ లేదు.

డిజిటల్ కాలంలో ఆ కొలతే గుదిబండ అయింది. ఫిల్ము స్థానంలో వచ్చిన చిప్ పెద్దదయ్యేకొద్దీ ఒక సిలికాన్ పలకలో వచ్చేవి తగ్గుతాయి, చిన్న లోపానికే మొత్తం చిప్ పారేయాలి. పైగా సర్క్యూట్ అచ్చువేసే యంత్రానికి 24×36 ఒక్క విడతలో పట్టదు, ముక్కలుగా వేసి అతకాలి. అందుకే 1999లో వచ్చిన నికాన్ డీ1లో చిప్ దాదాపు 24×16 మిల్లీమీటర్లే, 27 లక్షల పిక్సెళ్లు.

లెన్సులు మాత్రం పాతవే. అవి 43 మిల్లీమీటర్ల వ్యాసమున్న బింబాన్ని వేస్తుంటే, చిన్న చిప్ నడిమి భాగమే తీసుకుంటుంది; దీన్నే క్రాప్ అంటారు. 50 ఎంఎం లెన్సు 75లా చూపిస్తుంది (లెన్సు ఏమీ సాగలేదు, అంచులు పోయాయంతే). పక్షుల ఫోటోలు తీసేవాళ్లకు 300 కాస్తా 450 అయి పండగ. ఇరుకు గదిలో 24 కాస్తా 36 అయితే మాత్రం గోడకు వీపు ఆనించాల్సిందే. ఈ బాధ తీర్చడానికే 2003లో కానన్ 300డీతో పాటు 18-55 లెన్సు వచ్చింది. అది చిన్న చిప్ కోసమే చేసినది. అప్పటి కానన్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి బిగిసేదే కాదు.

కెమెరా ఎంపికలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'ముందు చిన్నది కొంటా, తర్వాత పెద్దదానికి మారతా' అనుకునేవాళ్లు మారేనాటికి చిన్న చిప్ కోసమే చేసిన లెన్సుల బదులు వేరేవి కొనాలి. అందుకే నేను బాడీ ధర చూడను, కావలసిన మూడు లెన్సుల ధర కూడి చూస్తాను, వాటి బరువు కూడా. ఫుల్ ఫ్రేమ్ చిప్ వైశాల్యం చిన్న చిప్‌కు 2.3 రెట్లు; అదే అపర్చర్‌లో ఒక స్టాప్‌కు (అంటే రెట్టింపు వెలుతురుకు) కాస్త ఎక్కువ లాభం. చీకటి కల్యాణమండపంలో బతుకుదెరువు ఉన్నవాళ్లకు ఇది డబ్బు పెట్టదగిన తేడా. పట్టపగలు తీసి ఫోన్‌లో చూసుకునే ఫోటోలో ఆ తేడా కనిపెట్టడం కష్టం.

ఫ్యూజీఫిల్మ్ అయితే ఈ గొడవలోకే దిగలేదు. 2012 నుంచి లెన్సులు మార్చుకునే తన ఎక్స్ శ్రేణి కెమెరాల్లో చిన్న చిప్‌నే నమ్ముకుంది. పెద్దది కావాలనుకున్నప్పుడు 2017లో ఏకంగా 44×33 చిప్‌తో జీఎఫ్‌ఎక్స్ తెచ్చింది. దాని పక్కన పెడితే బార్నాక్ కొలతే క్రాప్.