ఒక కంప్యూటరు – రెండు సొరంగములు

పద్మనాభంలో తన ఇంట కూర్చున్న ఒక ఉద్యోగి విశాఖపట్నంలోని కార్యాలయముతోను, హైదరాబాదులోని మరియొక కార్యాలయముతోను ఒకేమారు పని చేయవలెననుకొందము. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చిన పిమ్మట ఇట్టి అవసరము అనేకులకు కలిగినది. ఇందులకు తోడ్పడు సాధనమే వి.పి.యన్.

కంప్యూటరు సమాచారమును చిన్న పొట్లములుగా విభజించి, ఒక్కొక్కదానిపై గమ్యస్థానపు చిరునామా వ్రాసి పంపును. వి.పి.యన్. ఆ పొట్లమును రహస్యలిపిలోనికి మార్చి, వేరొక కవరులో పెట్టి, కార్యాలయపు ద్వారమునకు చేర్చును. త్రోవలో చూచువారికి పైకవరు మాత్రమే కనబడును. అందుచే దీనిని సొరంగమందురు.

సొరంగములు రెండైనచో ఏ పొట్లము దేనిలో పోవలెను? కంప్యూటరులో దారుల పట్టిక ఒకటి కలదు. 10.1తో మొదలగు చిరునామాలు విశాఖ సొరంగమునకు, 10.2తో మొదలగునవి హైదరాబాదు సొరంగమునకు అని అందు వ్రాసినచో తగవు లేదు. ఒక చిరునామాకు రెండు దారులు సరిపడినచో, ఎక్కువ వివరముగా చెప్పిన దారియే చెల్లును. కాని రెండు సొరంగములును “సమస్తము నాద్వారానే పోవలెను” అనినచో చిక్కు వచ్చును. సాధారణముగా ఒకదాని పని నిలిచిపోవును.

మరియొక చిక్కు కలదు. 10తోను, 192.168తోను మొదలగు చిరునామాలను ఎవరైనను తమ లోపలి అవసరములకు వాడుకొనవచ్చును. కనుక రెండు కార్యాలయములందును 192.168.1.20 అను యంత్రము ఉండవచ్చును. ఒకే వీధిలో ఒకే పేరుగల ఇరువురున్నచో తపాలా బంట్రోతు ఏమి చేయగలడు? అప్పుడు ఒకచోట చిరునామాలు మార్చవలెను. లేదా కంప్యూటరులోనే రెండు కల్పిత యంత్రములు నెలకొల్పి, ఒక్కొక్కదానికి వేరు పట్టిక ఈయవలెను.

ఒక సొరంగములో మరియొక సొరంగమును నడుపవచ్చును. అయితే ప్రతి కవరును కొంత చోటు తినును. సాధారణముగా పొట్లపు పరిమితి 1500 బైట్లు. వైర్‌గార్డ్ అను పద్ధతిలో, ఐపి నాలుగవ కూర్పుపై, ఒక కవరునకు 60 బైట్లు పోవును. రెండు కవరులైనచో లోపలి పొట్లమునకు మిగులునది 1380 మాత్రమే.

అన్నిటికంటె ముఖ్యమైనది భద్రత. సర్వమును మోయుచున్న సొరంగము తెగినచో, పొట్లములు మామూలు దారిన ఏ రక్షణయు లేక వెలువడవచ్చును. పని చేయువానికి ఆ సంగతియే తెలియకపోవచ్చును. సొరంగము లేనిచో ఏదియు బయటికి పోకుండ ముందే కట్టడి చేయవలెను. ఇంతేకాక, ఆ కంప్యూటరునకు వైరస్ సోకినచో అది రెండు కార్యాలయముల వాకిళ్లకును చేరగలదు. కావున ఉభయుల అనుమతియు అవసరము.

ఉపాధ్యాయులు ఈ పట్టికను తరగతిలోనే చూపవచ్చును. విండోస్‌లో “రూట్ ప్రింట్” అనియు, లైనక్స్‌లో “ఐపి రూట్” అనియు ఆజ్ఞ ఇచ్చినచో అది తెరపై కనబడును.