అడ్డుసవాలు



గ్రామమున పెద్దలైనవారికి ఎప్పుడో యొకనాడు సాక్షి సమను రాక మానదు. పొలము గట్టు తగవో, వీలునామాపై చేవ్రాలో, అన్నదమ్ముల భాగపరిష్కారమో, ఏదియో యొక కారణమున బోనెక్కవలసి వచ్చును. అప్పుడు వారు భయపడునది తీర్పునకు గాదు, క్రాసు ప్రశ్నలకు. "ఆ ప్లీడరు నన్ను నలుగురిలో అబద్ధీకుని జేసినాడు, ఇక నెవరికిని సాక్ష్యము చెప్పను" అని ఒట్టు పెట్టుకొన్నవారిని నేనెరుగుదును. మంచివారు సాక్ష్యమునకు వెనుదీసిన యెడల న్యాయస్థానమునకు మిగులువారెవరు? కావున ఆ మాటకర్థమేమో, ఆ పద్ధతికి ప్రయోజనమేమో నేడు మనవి చేయుదును.

మొదట మాటలను విచారింతము. సాక్షి యనగా స్వయముగ చూచినవాడు. 'సాక్షాత్' అను పదమునుండి ఈ యర్థముననే ఆ శబ్దము సిద్ధించునని పాణిని చెప్పినాడు. సవాలు అనునది హిందూస్థానీనుండి మనకు వచ్చినది. అచ్చట దానికి ప్రశ్న యనియే యర్థము. ఎదుటి పక్షమువారు అడ్డముగ వేయు ప్రశ్న అడ్డుసవాలు. ఇంగ్లీషున క్రాసు ఎగ్జామినేషను. దీనినే ప్రతిపరీక్ష యనియు నందురు. పరి యనగా చుట్టును, ఈక్ష యనగా చూచుట. సాక్షి తానొక ప్రక్కనుండి చూచినదానిని న్యాయాధిపతి యెదుట చుట్టును త్రిప్పి చూపించుటయే పరీక్ష.

మన దేశమున సాక్ష్యమునకు 1872 సంవత్సరపు చట్టము చిరకాలము ఆధారమై యుండెను. దాని స్థానమున 2023లో చేయబడిన భారతీయ సాక్ష్య అధినియమము 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. చట్టము మారినను సాక్షిని ప్రశ్నించు క్రమము మారలేదు. క్రొత్త చట్టమున 142, 143 సెక్షనులలో నున్నది. సాక్షిని పిలిచిన పక్షమువారు మొదట ప్రశ్నింతురు, ఇది ముఖ్యపరీక్ష. పిమ్మట ఎదుటి పక్షమువారడుగునది ప్రతిపరీక్ష. అందు బయలుపడిన సంగతులను విశదపరచుటకు పిలిచినవారు మరల నడుగునది పునఃపరీక్ష. ప్రతిపరీక్షలోని ప్రశ్నలు ముఖ్యపరీక్షలో చెప్పిన మాటలకే పరిమితములు గానక్కరలేదు. వ్యాజ్యమునకు సంబంధించిన యే సంగతినైనను అడుగవచ్చును.

ఈ రెంటికిని ఇంకొక భేదము గలదు. "ఆ సాయంకాలము చెరువుగట్టున ఎవరిని చూచితివి?" అనునది యొక ప్రశ్న. "ఆ సాయంకాలము చెరువుగట్టున రామయ్యను చూచితివి కదా?" అనునది వేరొకటి. రెండవదానిలో జవాబు ప్రశ్న గర్భముననే యున్నది. తన సాక్షిని తానే యిట్లడుగుట, నోట మాట పెట్టుటయే యగును. కావున ముఖ్యపరీక్షలో, ఎదుటివారు ఆక్షేపించినయెడల, న్యాయస్థానపు అనుమతి లేక ఇట్టి ప్రశ్న వేయరాదు. ప్రతిపరీక్షలో వేయవచ్చును. బోనులో నున్నవారు 'కదా' యను మాట వినబడినప్పుడు జాగ్రత్తపడి, తలయూపుటకు ముందు ప్రశ్నను పూర్తిగ గ్రహింపవలెను.

ఇట్లు పరీక్షించుట సాక్షికి అవమానమా? సంతలో ఎద్దునమ్మువాడు దాని గుణములే చెప్పును. కొనువాడు పండ్లు పట్టి చూచును, నడిపించి చూచును, కాడి క్రింద పెట్టి చూచును. అమ్మువాడు దీనికి కోపింపడు. కోపించినచో కొనువానికి అనుమానము కలుగును. ఎద్దు విషయమున నున్న జాగ్రత్త ఒకని భూమి, ఒకని మానము, ఒకని ప్రాణము విషయమున నుండవలదా?

మన పూర్వులును సాక్షి మాటను ఊరక నమ్మలేదు. పెదవులు నాకుకొనుట, నొసట చెమట పట్టుట, ముఖము వన్నె మారుట మొదలగునవి అసత్యమునకు గురుతులని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. అయితే పిరికివాడైన సత్యవంతునికిని చెమట పట్టును. ఆరితేరిన అసత్యవాదికి పట్టదు. అందుచేత చెమటకంటె ప్రశ్నయే మేలైన పరీక్ష యని నా యభిప్రాయము.

ఇది నాకు పుస్తకములవలన తెలియలేదు. సుమారు ముప్పది యేండ్ల క్రిందట నా బాల్యమిత్రుడొకడు పొరుగు రైతుపై దావా వేసి నన్ను సాక్షిగ పిలిచెను. ఆ రైతు సరిహద్దు రాతిని కదల్చినాడని నేను గట్టిగ చెప్పితిని. ప్రతివాది వకీలు లేచి, "పంతులుగారూ, రాతిని కదల్చుచుండగా మీరు చూచినారా?" అని మెల్లగ నడిగెను. రాయి పూర్వస్థానమున లేకుండుట మాత్రమే నేను చూచితిని. కదల్చినవాడతడే యనునది నా ఊహ. బడిలో ప్రత్యక్షమునకును అనుమానమునకును భేదము బోధించిన నేను, బోనులో ఆ రెంటిని కలిపివేసితిని. "చూడలేదు" అని తలవంచి చెప్పితిని. కాలువ పూడిక తీసినప్పుడు కూలీలు ఆ రాతిని పెరికి వేరొకచోట పాతినారని తరువాత వేరొక సాక్షివలన తేలెను. సర్వేయరు కొలిచి హద్దు నిర్ణయించెను. నా మిత్రుడు కొన్ని నెలలు నాతో మాటలాడలేదు. ఆ యొక్క ప్రశ్న లేకున్నచో నిరపరాధి యొకడు నా నోటివలన దొంగ యనిపించుకొనియుండును. అప్పటినుండి ఆ వకీలును మనసులో కృతజ్ఞతతో తలచుకొనుచున్నాను.

ప్రతిపరీక్షకు హద్దులు లేకపోలేదు. సాక్షి నవమానించుటకో, విసిగించుటకో వేసిన ప్రశ్నలను న్యాయాధిపతి నిషేధింపవలెను. తగిన ఆధారము లేక ఒకని శీలమునకు కళంకము తెచ్చు ప్రశ్న వేయరాదు. బలాత్కార కేసులలో, సమ్మతి యున్నదని చూపుటకై, బాధితురాలి శీలమునుగూర్చి అడుగుటకు చట్టమొప్పదు.

పెద్దలకు నేను విన్నవించుకొనునవి కొన్ని గలవు. సివిలు దావాలలో 2002 సవరణలనుండి ముఖ్యపరీక్షను ప్రమాణపత్రముగ వ్రాసి దాఖలు చేయుదురు. అందుచేత బోనెక్కిన సాక్షికి ప్రధానముగ ఎదురగునది ప్రతిపరీక్షయే. చదువక ఆ పత్రముపై వ్రాలు చేసినవాడు, ఇతరులు వ్రాసిన ప్రతి మాటకును తాను బదులు చెప్పవలసివచ్చును. కావున చదివించుకొని, తాము చూడని మాటను కొట్టివేయించి, పిమ్మట చేవ్రాలు చేయుడు. ప్రశ్న తెలియనిచో మరల నడుగుమనుడు. జ్ఞాపకము లేనిచో లేదనుడు. అది తప్పు గాదు. చూచినదానిని చూచితిననియు, వినినదానిని వింటిననియు, ఊహించినదానిని ఊహించితిననియు చెప్పుడు. ఈ మూడింటిని వేరుగ నుంచుకొన్నవానికి ఎంతటి వకీలైనను భయకారణము గాడు.

సమను వచ్చినప్పుడు వెనుదీయక వెళ్లుడు. చూచినంతవరకే చెప్పి రండు. సెలవు.