పన్నెండు అంగుళాల మెలిక

ఈ శీర్షికలో ఇప్పటిదాకా డేటాబేసులూ, నెట్‌వర్కులూ అంటూ మన ఆఫీసు గొడవలే రాస్తూ వచ్చాను. ఈసారి వేట తుపాకుల సంగతి. జింక మాట ఎత్తగానే మనలో చాలామందికి సీతమ్మ అడిగిన బంగారు లేడి గుర్తొస్తుంది, ఆ వెంటనే "అయ్యో పాపం" అనిపిస్తుంది. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకల వేట కోర్టు వార్తల్లో తప్ప వినపడదు. నేనుండే పెన్సిల్వేనియాలో అది పెద్ద పండగ. 2018 దాకా రైఫిలు సీజను థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, ఆ రోజు చాలా బడులకి సెలవు. 2019లో దాన్ని శనివారానికి జరిపారు. క్లయింటు ఆఫీసులో సగంమంది ఆ వారం ఏ రిలీజుకీ ఎందుకు ఒప్పుకోరో ఇప్పుడు అర్థమైందా?

హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి నా మొదటి రైఫిలు వెతుక్కుంటుంటే రెండు కనిపించాయి. ఒకటి కొట్లో ఉన్న కొత్త 243 వించెస్టర్. రెండోది క్లయింటు దగ్గర పనిచేసే ఒక పెద్దాయన అమ్ముతానన్న పాత 244 రెమింగ్టన్, వాళ్ళ నాన్నగారిది. నిగనిగలాడే వాల్‌నట్ కర్ర, ధర కూడా తక్కువే. అంకెలు చూస్తే రెండోదే ఒక వెర్షను ఎక్కువ! అసలు తమాషా ఏమిటంటే రెంటిలోంచీ వచ్చే బుల్లెట్టు లావు ఒక్కటే, 0.243 అంగుళాలు. 244 అన్నది ఉత్త పేరు.

ముందు రెండు మాటలు విడదీయాలి. మనం తూటా అని పిలిచేది మొత్తం సరుకు: ఇత్తడి కేసు, దాని అడుగున క్యాపు, లోపల మందు, ముందు బుల్లెట్టు. ఎగిరి వెళ్ళేది ఆ బుల్లెట్టు ఒక్కటే. దాని బరువుని గ్రెయిన్లలో చెబుతారు, అంటే గింజలు. మన కంసాలులు గురివింద గింజలతో బంగారం తూచినట్టే, అక్కడా ఒకప్పుడు ధాన్యపు గింజే కొలత. నూరు గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములు. ఆ ఆరున్నర గ్రాములూ సెకనుకి మూడువేల అడుగుల వేగంతో పోతాయి కాబట్టే జింకని పడగొట్టగలుగుతున్నాయి.

ఈ రెండు తూటాలూ 1955లోనే బజారుకొచ్చాయి. వించెస్టర్ వాళ్ళది 308 తూటా కేసు మూతిని సన్నగా నొక్కి చేసింది. ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ పత్రికలో తుపాకుల గురించి రాసే వారెన్ పేజ్ అలాంటి ప్రయోగం అప్పటికే సొంతంగా చేసి ఉన్నాడు. రెమింగ్టన్ వాళ్ళది ఇంకా పాత వంశం. 1892 నాటి 7 మిల్లీమీటర్ల జర్మన్ మౌజర్ కేసు, దాన్నుంచి వచ్చిన 257 రాబర్ట్స్, దాన్నుంచి 244. రెమింగ్టన్ కేసు 2.233 అంగుళాల పొడవు, వించెస్టర్‌ది 2.045. అంటే రెమింగ్టన్‌లో మందు కాస్త ఎక్కువ పడుతుంది, వేగమూ ఎక్కువ. కాగితం మీద గెలవాల్సింది అదే. కానీ చిత్తుగా ఓడిపోయింది.

కారణం కేసులో లేదు, గొట్టంలో ఉంది. రైఫిలు గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. బుల్లెట్టు వాటిని ఒరుసుకుంటూ పోయి, బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. తిరగకపోతే గాలిలో పల్టీలు కొడుతుంది. పది అంగుళాలకి ఒక చుట్టు తిరిగే గొట్టంలోంచి మూడువేల అడుగుల వేగంతో వచ్చిన బుల్లెట్టు నిమిషానికి 2,16,000 చుట్లు తిరుగుతుంది. మన సర్వర్లలో 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకి సరిగ్గా ముప్ఫై రెట్లు.

ఎంత మెలిక కావాలన్నది 1879లోనే తేల్చినవాడు ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్, ఇంగ్లండులో ఫిరంగిదళం అధికారులకి లెక్కలు చెప్పిన ప్రొఫెసరు. సూత్రం చాలా సులువు. బుల్లెట్టు వ్యాసాన్ని దానితోనే గుణించి, 150తో గుణించి (ఇలాంటి వేగవంతమైన తూటాలకైతే 180తో), బుల్లెట్టు పొడవుతో భాగించండి. ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు కావాలో వస్తుంది. మన లెక్కలో 0.243 వర్గం 0.059. దాన్ని 180తో గుణిస్తే 10.6. మొన తేలిన నూరు గ్రెయిన్ల బుల్లెట్టు దాదాపు అంగుళం పొడవుంటుంది కాబట్టి పదిన్నర అంగుళాలకి ఒక చుట్టు తిరగాలి. వించెస్టర్ పది అంగుళాల మెలిక పెట్టింది, సరిపోయింది. రెమింగ్టన్ పన్నెండు పెట్టింది. ఆ గొట్టంలోంచి కుదురుగా వెళ్ళే బుల్లెట్టు పొడవు 0.89 అంగుళాలు దాటకూడదు.

రెమింగ్టన్ ఇంజినీర్లకి ఈ లెక్క రాక కాదు. వాళ్ళు రాసుకున్న రిక్వైర్‌మెంటే వేరు. పొలాల్లో బొరియలు తవ్వే గ్రౌండ్‌హాగ్‌ల్ని దూరం నుంచి కొట్టడానికి తేలికైన, పలుచని తొడుగున్న బుల్లెట్లు కావాలి, వాటికి నెమ్మది మెలికే నయం. అందుకే 75, 90 గ్రెయిన్ల తూటాలతో దిగారు. వించెస్టర్ 80 గ్రెయిన్లతో పాటు 100 గ్రెయిన్లదీ పెట్టింది. కొనేవాడి సంగతి మనకి తెలియనిదా? ఇంటికి ఒకటే తుపాకీ, వేసవిలో గ్రౌండ్‌హాగ్‌కీ, నవంబరులో జింకకీ అదే పనికిరావాలి. జనమంతా 243 వైపు పోయారు.

1963లో రెమింగ్టన్ దిద్దుబాటు చేసింది. అదే కేసు, అవే కొలతలు, పేరు మాత్రం 6 మిల్లీమీటర్ల రెమింగ్టన్, మెలిక తొమ్మిది అంగుళాలు. ఇప్పుడది నిజంగా మంచి తూటా. కానీ ఆ ఎనిమిదేళ్ళలో కొట్లలో అరలన్నీ 243తో నిండిపోయాయి.

దిద్దిన ఆ తూటాని 243తో పోలిస్తే జింకకి తేడా ఏమిటి? ఫ్యాక్టరీ నూరు గ్రెయిన్ల తూటాలు తీసుకుంటే 243 వేగం సెకనుకి 2960 అడుగులు, 6 మిల్లీమీటర్లది 3100. మూడువందల గజాల దగ్గర మిగిలే శక్తి సుమారు 1090, 1200 అడుగు-పౌండ్లు. రెండువందల గజాలకి గురి కుదిర్చి మూడువందల దగ్గర కాలిస్తే బుల్లెట్టు కిందికి జారడంలో తేడా ఒక్క అంగుళం. జింక గుండే, ఊపిరితిత్తులూ ఉన్న చోటు, ముందుకాలి వెనక, ఎనిమిది అంగుళాల పళ్ళెమంత ఉంటుంది. ఈ అంగుళం కోసం రాత్రంతా వాదించుకునే వేటగాళ్ళని చూశాను, విండోసూ లినక్సూ అని మనవాళ్ళు కొట్టుకున్నట్టే.

జింకకి తేడా తెచ్చేది ఆ వేగం కాదు, కుదురుగా తిరిగే సరైన బుల్లెట్టు. గ్రౌండ్‌హాగ్ కోసం చేసిన పలుచని 75 గ్రెయిన్ల బుల్లెట్టు జింక భుజానికి తగిలితే పైపైనే పగిలిపోతుంది. జింక పడదు, గాయంతో పొదల్లోకి పోయి ఎక్కడో తీసుకుని తీసుకుని చస్తుంది. కొలరాడోలో జింకకి కనీసం 0.24 అంగుళాల వ్యాసం, 70 గ్రెయిన్ల బుల్లెట్టు, నూరు గజాల దగ్గర 1000 అడుగు-పౌండ్ల శక్తి ఉండి తీరాలని నియమం పెట్టింది ఇందుకే. ఎంతో వేగమున్న 22-250 అక్కడ చెల్లదు.

మధ్యలో ఒక ముఖ్యమైన మాట, సరదాగా తీసుకోకండి. హెచ్1, ఎల్1, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు దొరుకుతుంది. ఫ్రెండ్సు పిలిచారని రేంజికి వెళ్ళి అద్దె తుపాకీ తీసుకున్నా ఇదే వర్తిస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఈ నిషేధం ఉండదు. మన వాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. ఏ అనుమానమున్నా ముందు లాయర్ని అడగండి.

మళ్ళీ పెద్దాయన రైఫిలు దగ్గరికి. "దీంతో మా నాన్న బోలెడు జింకల్ని కొట్టాడోయ్," అన్నాడాయన. అబద్ధమనను. పొట్టి, మొన మొద్దుగా ఉన్న బుల్లెట్లు పన్నెండు అంగుళాల మెలికలో కూడా బాగానే నడుస్తాయి. గొట్టం మెలిక కొలవడం పెద్ద పనేం కాదు. తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, పిడి గుండ్రంగా తిరిగే క్లీనింగ్ కడ్డీకి గుడ్డ బిగుతుగా చుట్టి లోపలికి తోయాలి. కడ్డీ మీద ఒక గీత గీస్తే, అది పూర్తిగా ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో అదే మెలిక. మేమిద్దరం ఆయన గరాజులో మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ పన్నెండే.

నాకు కావలసింది సీసం లేని రాగి బుల్లెట్టు, మాంసం ఇంట్లో పిల్లలు తింటారు కనుక. రాగి సీసం కన్నా తేలిక, అందుచేత అదే బరువుకి బుల్లెట్టు ఇంకా పొడవవుతుంది. గ్రీన్‌హిల్ సూత్రంలో బరువు లేదు, పొడవే ఉంది. అంటే పెట్టె మీద 85 గ్రెయిన్లని ఉన్నా ఆ పన్నెండు అంగుళాల గొట్టానికి నప్పుతుందన్న నమ్మకం లేదు. పెద్దాయనకి అంకెలు కాగితం మీద వేసి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, "అయితే దీన్ని మనవడికి గ్రౌండ్‌హాగ్‌లకిస్తాను," అని గుడ్డలో చుట్టేశాడు.

నేను 243 కొన్నాను. మీలో ఎవరైనా ఇలాంటి పాత 244 ఇప్పటికే కొనుక్కుని ఉంటే, సీజనుకి ముందే ఏ బుల్లెట్టు వాడదలిచారో దాన్నే నూరు గజాల దగ్గర కాగితం మీద మూడు కాల్చి చూడండి. చిల్లులు గుండ్రంగా ఉంటే ఆ గొట్టానికి ఆ బుల్లెట్టు పడింది. తాళంచెవి కన్నంలా పొడుగ్గా చిరిగి ఉంటే బుల్లెట్టు అడ్డంగా తిరిగి వెళ్ళిందన్నమాట, దాన్ని జింక మీద కాల్చకండి.